బెజవాడ వన్ టౌన్‌లో ఒక పూట నడక

ఇన్నేళ్లుగా బెజవాడ మీదుగా పోతూనే ఉన్నాను. తెనాలి వెళ్లినా, హైదరాబాద్ తిరిగొచ్చినా ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ పొట్లం కొనుక్కోవడమే తప్ప ఊళ్లోకి అడుగు పెట్టింది తక్కువ. పెట్టినా అమ్మవారి దర్శనం, వెంటనే బస్టాండ్. ఈసారి మా మావయ్య వదల్లేదు. ఆయన చదువంతా కొత్తపేటలో సాగింది. "కొండ మీద అమ్మని అందరూ చూస్తారు, కొండ కింద ఊరినెవడూ చూడడు. ఒక రాత్రి ఉండేలా రారా" అన్నాడు.

మాఘమాసం చివర్లో వెళ్లాం. ఎండలు ముదిరాక మాత్రం ఈ నడక పెట్టుకోకండి. బెజవాడ ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు.

బస దగ్గరే మొదటి తర్జనభర్జన. బెంజి సర్కిల్ వైపు గదులు శుభ్రంగా ఉంటాయి, లిఫ్టు ఉంటుంది, కారు పెట్టుకోవచ్చు. కానీ తెల్లవారుజామున వన్ టౌన్‌లో, అంటే పాత ఊళ్లో, ఉండాలంటే అంత దూరం నుంచి రావడం దండగ. అందుకని స్టేషన్‌కి పడమటి వైపు తారాపేటలో ఒక లాడ్జి తీసుకున్నాం. ఫోన్లో అడిగితే ఇరవై నాలుగు గంటలు అన్నాడు. తీరా దిగాక, ఆధార్ జిరాక్సులు తీసుకున్నాక, "పొద్దున తొమ్మిదికి ఖాళీ చేయాలండీ, రేపు పెళ్లివారు వస్తున్నారు" అన్నాడు. మంచం మీద దుప్పటి మార్చమని రెండుసార్లు అడగాల్సి వచ్చింది. వేడినీళ్లు మాత్రం పొగలు కక్కుతూ వచ్చాయి, అది ఒప్పుకోవాలి. మళ్లీ వెళ్లినా ఆ పేటలోనే దిగుతాను, కాకపోతే ఖాళీ చేసే టైము రసీదు మీద రాయించుకుంటాను.

అయిదున్నరకల్లా ప్రకాశం బ్యారేజీ మీద ఉన్నాం. ఎగువన నిండుగా నీళ్లు, దిగువన ఇసుక మేటలు, మధ్యలో కొన్ని పాయలు. ఇక్కడ మొదట ఉన్నది కాటన్ దొర హయాంలో కెప్టెన్ చార్లెస్ ఓర్ 1852-55 మధ్య కట్టించిన ఆనకట్ట. 1952లో దానికి గండి పడితే, 1957కి ఈ బ్యారేజీ వచ్చింది. పొడవు 1223 మీటర్లు. మేం సగం దాకా నడిచి వెనక్కి తిరిగాం. పొద్దున్నే నడిచేవాళ్లు, పాలవాళ్లు, స్కూటర్లు... ఏడు దాటితే హారన్ల మోత తప్ప ఇంకేం వినపడదు. బెజవాడ నడిబొడ్డున పారే బందరు, ఏలూరు, రైవస్ కాలువలకి నీళ్లు ఇక్కడివే. ఊరి పటం అర్థం కావాలంటే ముందు ఇక్కడ నిలబడాలి.

కొండ అడుగుకి వచ్చాం. అక్కన్న మాదన్న గుహలు చిన్నవి, ఉండవల్లి గుహల్లా నాలుగంతస్తులూ, పడుకున్న అనంతపద్మనాభుడూ ఊహించుకుని వస్తే నిరాశే. గోల్కొండ నవాబు తానీషా మంత్రులైన ఆ అన్నదమ్ములు అక్కడ కొలువు నడిపారని చెప్పుకుంటారు. వాళ్లది 17వ శతాబ్దం, గుహలు అంతకు వెయ్యేళ్ల ముందువి. నాకు నచ్చింది గోడ. చెయ్యి ఆనిస్తే చల్లగా ఉంది, ఉలి దెబ్బలు ఏటవాలుగా, బియ్యం చెరిగిన చేటలో గీతల్లా వరసగా తగులుతున్నాయి. ఒకచోట వరస తప్పి అడ్డంగా పడిందొక దెబ్బ. పక్కనే ఎవరో సుద్దతో తమ ప్రేమ రాసుకున్నారు.

అక్కడే మావయ్య తూర్పు చాళుక్య రాజు యుద్ధమల్లుడి శాసనం సంగతి ఎత్తుకున్నాడు. 10వ శతాబ్దపు బెజవాడ శాసనం, మధ్యాక్కర అనే ఛందస్సులో, తెలుగు పద్యాల్లో ఉన్నది. కుమారస్వామి గుడి గురించి చెబుతూ, గొరగలు, అంటే శైవ సన్యాసులు, తప్ప వేరేవాళ్లు అక్కడ మకాం పెడితే పాపమని అందులో రాయించాడు రాజు. "చూశావా, బెజవాడలో బస కష్టాలు ఇవాల్టివి కావు" అన్నాడాయన.

బ్రాహ్మణ వీధిలో ఆయన నడక నెమ్మదించింది. పాత ఇళ్లు ఇంకా అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. మంగుళూరు పెంకు, చెక్క స్తంభాలు, గుమ్మం పక్కన దీపపు గూడు. ఒక ఇంటికి అరుగు సగమే ఉంది, మిగతా సగం రోడ్డు మింగేసింది. ఉన్న సగం మీద ఒకావిడ మల్లెపూలు కడుతోంది. మూర కొలిచేటప్పుడు మోచెయ్యి దాటించి ఒక పువ్వు ఎక్కువే వదిలింది. ఈ వీధిలో ఏది ఎప్పటి ఇల్లో చెప్పే బోర్డు ఒక్కటీ కనిపించలేదు. తెలిసినవాళ్లు వెంట లేకపోతే మామూలు ఇరుకు సందు అనుకుని దాటేస్తాం.

సామారంగం చౌక్ దగ్గర తోపుడుబండి మీద ఇడ్లీ, అల్లం పచ్చడి తిన్నాం. వెన్న ఇడ్లీకి బాబాయ్ హోటలే, కానీ అది పట్టాలకి అవతల గాంధీనగర్‌లో. అంతలో టైము చూస్తే ఎనిమిదీ నలభై! పరుగు పరుగున లాడ్జికి. సంచులు కాసేపు కౌంటర్ దగ్గర ఉంచుకోమంటే సంచికి యాభై అన్నాడు. "మనం గొరగలం కాదు కదరా" అని మావయ్య నవ్వి, వాటిని స్టేషన్ క్లోక్‌రూంలో పడేయించాడు.

కాళేశ్వరరావు మార్కెట్‌కి వెళ్లేసరికి ఎండ ఎక్కింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకర్ అయ్యదేవర కాళేశ్వరరావు పేరిది. అక్కడ జనం భుజాలు రాసుకుంటూ పోతారు, పెద్దవాళ్లతో వెళ్తే ఇంకా ముందే చేరండి.

బందరు రోడ్డు మీది బాపు మ్యూజియంకి ఆటోలో పోయాం. అడిగినంత ఇవ్వకండి, మా దగ్గర మొదట రెట్టింపు చెప్పాడు. ఇది 1887లో విక్టోరియా రాణి జూబ్లీకి పునాది వేసిన భవనం. 1921లో ఇక్కడ కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడే పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు. లోపల అల్లూరులో దొరికిన బుద్ధుడి తెల్లని నిలువెత్తు విగ్రహం ఎదురుగా మావయ్య బెంచీ మీద కూలబడ్డాడు. నేను మిగతా గదులన్నీ తిరిగొచ్చేసరికి, చెప్పులు విడిచి, గోడకి ఆనుకుని నిద్రపోతున్నాడు. గార్డు ఏమీ అనలేదు, ఫ్యాన్ వేసి వెళ్లాడు.