డోర్నకల్ యాత్ర: రెండుసార్లు కట్టిన 500

ముందు ఒక మాట. లాడ్జికి ఫోన్‌పేలో అడ్వాన్సు పంపితే, అవతలి మనిషితో "ముట్టింది" అని మెసేజ్ పెట్టించుకున్నాకే ఇంట్లోంచి కాలు బయట పెట్టండి. మేం పెట్టించుకోలేదు.

డోర్నకల్‌లో ఆదివారం పొద్దున ఆరాధనకు అందుకోవాలని శనివారం సాయంత్రమే వరంగల్‌లో ప్యాసింజర్ ఎక్కి మానుకోటలో (మహబూబాబాద్) దిగాం. నేను, అమ్మ, పక్కింటి అన్న, వదిన. అన్నకు ఎరువుల దుకాణం ఉంది. వాళ్లది చర్చికి పోయే ఇల్లు కాదు. వదినకు పాత కట్టడాలంటే ప్రాణం, అందుకని వచ్చారు. అమ్మకేమో అజరయ్య బిషప్ సమాధి చూడాలని ఎన్నేళ్ల నుంచో కోరిక. రైలు ప్రయాణం హాయిగా గడిచింది.

గొడవ లాడ్జి దగ్గర మొదలైంది. ఫోన్లో గది 900 అన్నాడు. రెండు గదులకు 1,800. అందులో 500 ముందే పంపాను. గదిలో దుప్పటి మీద తలనూనె మరక, బాత్రూంలో గొళ్లెం లేదు. పొద్దున వేడినీళ్లు బకెట్‌కు 30, నాలుగు బకెట్లకు 120. ఇదంతా ఓర్చుకున్నాం. ఖాళీ చేసేటప్పుడు మేనేజరు 1,920 అన్నాడు. అడ్వాన్సు సంగతి ఎత్తితే "మా ఖాతాల కనవడ్తలేదు మేడం" అన్నాడు. నా ఫోన్లో డబ్బు పోయినట్టు చూపించాను, తేదీ, టైముతో సహా. తల కూడా ఎత్తలేదు. మా నాలుగు ఆధార్ కార్డులు సొరుగులో పెట్టుకుని, కడితేనే ఇస్తానన్నాడు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందట. డోర్నకల్ రైలుకు ఇరవై నిమిషాలే ఉంది. కట్టేశాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఐదు వందలకు కాదు. కట్టిన డబ్బు మళ్లీ కట్టించుకున్నాడే, అందుకు.

డోర్నకల్ స్టేషన్లో దిగి ఆటోకు 60 ఇచ్చాం. ఎపిఫనీ కథీడ్రల్ (బిషప్ గారి పెద్ద చర్చి) ముందు నిలబడగానే వదిన మాటలు ఆగిపోయాయి. మసీదుకుండే గుమ్మటాలు, గుడి మండపంలో ఉండే రాతి స్తంభాలు, పైన సిలువ. 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేశారు. కట్టించింది అజరయ్య గారు. తిరునెల్వేలి వైపు తమిళుడు, మన తెలుగు నేర్చుకుని నిజాం రాజ్యంలోని ఈ ఊరికొచ్చి పల్లెపల్లె తిరిగాడు. 1912లో బిషప్ అయ్యాడు. ఇంగ్లండు చర్చి తాలూకు ఆంగ్లికన్ సంఘంలో మన దేశస్థుడికి ఆ పదవి దక్కడం అదే మొదలు. 1945 జనవరి 1న కన్నుమూశాడు. సమాధి ఆవరణలోనే ఉంది. అమ్మ చెప్పులు విడిచి, ఆ రాయి మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఆరాధన అయ్యాక చెట్టు కింద కూర్చున్నాం. అన్న అడిగాడు: "చెల్లె, అంతా విన్న. ఒక్క మాటల చెప్పు, మీ యేసయ్య అసలు సంగతి ఏంది?"

పది నిమిషాలు చెప్పాను. ఆదాము, పాపం, ధర్మశాస్త్రం, ప్రాయశ్చిత్తం, విమోచన, కృప. అన్న మర్యాదగా తలూపుతున్నాడు. ఒక్క ముక్క లోపలికి పోవడం లేదని నాకు తెలుస్తూనే ఉంది.

పొద్దుటి నుంచి మూతి ముడుచుకుని ఉన్న అమ్మ అప్పుడు నోరు విప్పింది. "కొడుకా, నీ దుకాణంల ఖాతా పుస్తకం ఉంటది గదా. బాకీ తీరితే ఏం రాస్తవు?"

"ఎర్ర పెన్నుతోని అడ్డగీత కొట్టి ‘చెల్లు’ అని రాస్త, పెద్దమ్మ."

"కట్టలేనోనికి రాసినవా ఎన్నడన్న?"

అన్న కాసేపు నేల చూశాడు. "నిరుడు ఒక రైతుది రాసిన. పత్తి మొత్తం పోయింది ఆయనది. 38,000."

"మరి గా పైసలు ఎటు పోయినయి?"

"ఎటు పోతయి? కంపెనీకి నేనే కట్టిన."

"గదే," అంది అమ్మ. "ఊకెనే మాఫీ కాదు. ఎవడో ఒకడు మొయ్యాలె. మన పాపాల పేజీ దేవుని పుస్తకంల ఉంది, మనతోని తీరది. ఆయనే మనిషై వచ్చి తన మీదేసుకున్నడు. సిలువ మీద యేసయ్య ‘సమాప్తమైనది’ అన్నడు. మీ దుకాణం భాషల చెల్లు."

"మరి చచ్చిపోయిండు గదా?"

"మూడో నాడు లేచిండు. లేచుడే రసీదు. పొద్దున ఇది ఎందుకు ఏడ్సింది? రసీదు లేదని. మన బాకీకి రసీదున్నది. ఇగ మళ్ల కట్టుమని ఎవ్వడడిగినా భయం లేదు."

అన్న వ్యాపారి కదా, అంత తొందరగా ఒప్పుకోడు. "గట్ల కొట్టేస్తే మళ్ల మళ్ల అప్పు జేస్తరు, పెద్దమ్మ."

"నీ రైతు జేసిండా?"

"లేదు. సంక్రాంతి ముందట కందుల సంచి తెచ్చి దుకాణం ముంగట పెట్టి పోయిండు. లెక్కల రాయనియ్యలే."

"మేం చేసే మంచి పనులు గా కందుల సంచి అసొంటియి బిడ్డా. బాకీ కింద గాదు. సంతోషానికి."

నేను చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో, దేవుడు లోకాన్ని ఎంతో ప్రేమించి తన కుమారుణ్ణి ఇచ్చాడనే యోహాను 3:16 కంఠతా చెప్పినదాన్ని. ఆ మాట నాకు ఇంత దగ్గరగా వినబడింది ఆ చెట్టు కిందే.

వదిన మాత్రం కదలకుండా అన్న వైపే చూస్తోంది. "ముప్పై ఎనిమిది వేలా? నాకెందుకు చెప్పలే?" అంది.

స్టేషన్ దగ్గర భోజనం 100. చేపల పులుసు బాగుంది, అన్నం ఎంతైనా పెట్టారు. తప్పకుండా తినండి. కథీడ్రల్‌కు ఆదివారమే వెళ్లండి. ఫొటోలు ఆరాధన అయ్యాక అడిగి తీసుకోండి. బస మానుకోటలో వద్దు, తెల్లారుజామున వరంగల్‌లోనే రైలెక్కండి. రూము డబ్బు మిగులుతుంది, మనసు కూడా బాగుంటుంది.

తిరుగు రైల్లో వదిన అన్నతో మాట్లాడలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అమ్మ నిద్రపోయింది. నెక్కొండ దాటాక వదిన ఇటు తిరిగి అడిగింది: "గా రైతుకు పిల్లలెంతమంది?"

"ఇద్దరాడపిల్లలు," అన్నాడు అన్న.

వదిన సంచిలోంచి జామపండు తీసి, రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క అన్నకిచ్చింది.