పుట్టింటి పేరు కలిసేదాకా నమ్మకండి: స్కాట్లాండ్స్‌పీపుల్‌తో ఎనిమిదేళ్లు

మా అత్తగారిది స్కాట్లాండ్‌లోని డండీ. బెంగాల్ నుంచి ఓడల్లో దిగిన జనపనారను తిమింగలం నూనెతో మెత్తబరిచి గోనెగుడ్డ నేసిన ఊరది. నెల్లిమర్ల జూట్ మిల్లు కూత వింటూ పెరిగిన నాకు ఆ ఊరు మొదటి రోజే దగ్గరైంది. ఎనిమిదేళ్ల క్రితం అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజుకు వాళ్ల వంశవృక్షం తయారుచేసి ఇస్తానని మాటిచ్చి, స్కాట్లాండ్ జాతీయ దస్తావేజుల శాఖ వారి స్కాట్లాండ్స్‌పీపుల్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచాను. అప్పటి నుంచీ వాడుతూనే ఉన్నాను.

పేర్ల సూచికలో వెతకడం ఉచితం. అసలు పేజీ చిత్రం చూడాలంటే క్రెడిట్లు కొనాలి. నేను కొన్నప్పుడు 30 క్రెడిట్లు 7.50 పౌండ్లు, ఒక జనన లేదా మరణ నమోదు చిత్రానికి 6 క్రెడిట్లు. ఈ ఖర్చు చూసి చాలామంది సూచికతోనే సరిపెట్టుకుంటారు. నేనూ మొదట అదే చేశాను, రెండేళ్లు పోగొట్టుకున్నాను.

అత్తగారి ముత్తాత పేరు జేమ్స్. 1911లో డండీలో 63 ఏళ్ల వయసులో పోయారు. అంటే 1848 ప్రాంతంలో పుట్టి ఉండాలి. స్కాట్లాండ్‌లో ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. అంతకు ముందువి ఒక్కో చర్చి తన పరిధిలోని వాళ్ల కోసం రాసిన పారిష్ రిజిస్టర్లే. అందులో వెతికితే అదే ఇంటిపేరుతో ఇద్దరు జేమ్స్‌లు కొద్ది నెలల తేడాతో కనిపించారు. ఒకరికి కిర్రీమ్యూర్‌లో, మరొకరికి ఫార్ఫర్‌లో బాప్తిస్మం జరిగింది. రెండూ ఆంగస్ ప్రాంతంలో పక్కపక్క ఊళ్లే. మరణ నమోదులో తల్లి పుట్టింటి పేరు స్మిత్ అని ఉంది. కిర్రీమ్యూర్ పిల్లవాడి తల్లి కూడా స్మిత్. పైగా వంశవృక్షాలు పంచుకునే ఒక సైట్‌లో ఎవరో ఆయననే చూపించారు. ఇంకేం, ఆ దారి పట్టుకుని 1700ల దాకా వెళ్లిపోయాను.

రెండేళ్ల తరువాత జేమ్స్ 1872 వివాహ నమోదు తెరిచాను. తల్లి పుట్టింటి పేరు మిల్న్ అని స్పష్టంగా ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండు నమోదులూ నిజమైనవే, మరి ఏది నమ్మాలి? చెప్పిందెవరో చూడాలి. పెళ్లి నమోదుకు తన తల్లి పేరు జేమ్స్ స్వయంగా చెప్పి సంతకం పెట్టారు. మరణ నమోదుకు వివరాలు ఇచ్చింది అల్లుడు. పుట్టింటి పేరు స్మిత్ అయినది జేమ్స్ భార్య తల్లి అని అదే పెళ్లి నమోదులో తేలింది. అల్లుడికి తెలిసింది తన భార్య అమ్మమ్మ అయిన ఆవిడే, ఆ పేరే చెప్పాడు. మరణ నమోదులో తల్లిదండ్రుల పేర్లు చెప్పేది ఆ వ్యక్తి కాదన్న సంగతి నేను ఎప్పుడూ మరిచిపోను.

తల్లి పుట్టింటి పేరు జనన, వివాహ, మరణ నమోదులు మూడింటిలోనూ ఉండటమే స్కాట్లాండ్ రికార్డుల గొప్పతనం. మన ఇళ్లలో పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే, మా నానమ్మ పుట్టింటి పేరు ఒక్క కాగితం మీద కూడా మిగల్లేదు. అక్కడ స్త్రీ మరణాన్ని రెండు ఇంటిపేర్లతోనూ వెతకవచ్చు. 1861 నుంచి బిడ్డ జనన నమోదులో తల్లిదండ్రుల పెళ్లి తేదీ, ఊరు కూడా ఉంటాయి. అత్తగారి తాత జనన నమోదులో 1872 నాటి ఆ డండీ పెళ్లి తేదీయే ఉంది. ఆ ముడి గట్టిగా పడింది.

ఇక మిగిలింది ఫార్ఫర్ జేమ్స్. ఆయన తల్లి మిల్న్. అయినా తొందరపడలేదు. వద్దనుకున్న కిర్రీమ్యూర్ జేమ్స్‌ను కూడా వెంబడించాను. 1881 ఏప్రిల్ 3 రాత్రి జనాభా లెక్కల్లో ఆయన భార్యాపిల్లలతో కిర్రీమ్యూర్‌లోనే ఉన్నారు. అదే రాత్రి మా జేమ్స్ డండీలో ఉన్నారు. ఒక మనిషి రెండు ఇళ్లలో పడుకోడు కదా. ఇంకొకటి, 1872 పెళ్లి నమోదులో జేమ్స్ తండ్రి వృత్తి చేమగ్గం నేత అనీ, అప్పటికే చనిపోయారనీ ఉంది. కిర్రీమ్యూర్ తండ్రి 1881లోనూ బతికే ఉన్నారు. ఫార్ఫర్ తండ్రి 1867లో పోయారు.

ఆ 1867 పేజీ కోసం పెట్టిన 6 క్రెడిట్లకు ఎప్పటికీ చింతించను. నేతగాడు, భార్య పుట్టింటి పేరు మిల్న్, వివరాలు చెప్పింది ఆ భార్యే. సంతకం చోట ఒక గీత మీద ఇంకో గీత, పక్కన "ఆమె గుర్తు" అని రిజిస్ట్రార్ రాత. రేషను పుస్తకంలో మా నానమ్మ వేలిముద్ర గుర్తొచ్చి చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

పిల్లలకు పేర్లు పెట్టే ఆచారం గురించి కూడా చెప్పాలి. అక్కడ పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టేవారు. మనకు అలవాటైన పద్ధతే. అయితే అన్నదమ్ముల పెద్దకొడుకులందరికీ ఒకే తాత పేరు వస్తుంది కాబట్టి ఒకే ఊళ్లో నలుగురు జేమ్స్‌లు తేలతారు. ఈ ఆచారం అనుమానానికి దారి చూపిస్తుంది, రుజువు మాత్రం కాదు. సూచికలో ఒక్కరే దొరికారన్నదీ రుజువు కాదు. 1843లో స్కాట్లాండ్ అధికార చర్చి చీలి ఫ్రీ చర్చి అనే వేరు శాఖ ఏర్పడ్డాక, అందులో చేరిన చాలామంది పిల్లల పేర్లు అధికార చర్చి పారిష్ రిజిస్టర్లలోకి ఎక్కనే లేదు.

ఆన్‌లైన్ చిత్రాలకు గడువులున్నాయి: జననాలకు 100 ఏళ్లు, వివాహాలకు 75, మరణాలకు 50. దగ్గరి తరాల కోసం ఇంట్లో పెద్దలనే అడగాలి. నేను అత్తగారి పక్కన కూర్చుని అడిగి రాసుకున్నాను.

కొత్త వంశవృక్షం పూర్తయ్యాక, "అయితే మా వాళ్లు మిల్న్‌లన్నమాట" అని ఆవిడ ఆ పేరు మీద వేలు పెట్టి చూసుకున్నారు. ఇప్పుడు ఆ మిల్న్ గారి తల్లిదండ్రుల వంతు. ఆమె 1855 దాటి బతికారు కాబట్టి ఆమె మరణ నమోదులో వాళ్ల పేర్లు ఉండాలి. ఖాతాలో 18 క్రెడిట్లున్నాయి. ముందుగా, ఆ వివరాలు చెప్పిందెవరో చూస్తాను.