కీటోకొనజోల్ షాంపూ: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మాడు దురదకి నేను వాడేది కీటోకొనజోల్ (ఫంగస్‌ని, ఈస్ట్‌ని అణిచే మందు) 2 శాతం షాంపూ. కొన్నేళ్లుగా వాడుతున్నాను, ఇంకా వాడతాను. నాకు చాలా బాగా పనిచేసింది. కానీ ఇదే షాంపూ మా పెద్దమ్మకి ఏమాత్రం పనిచేయలేదు. ఆవిడ దురద వేరు, నా దురద వేరు. అందుకే కొనేముందు ఎవరి దురద ఏమిటో తేల్చుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

నాకు సాయంత్రమయ్యేసరికి నడినెత్తిన, చెవుల పైభాగాన దురద మొదలయ్యేది. దువ్వెన పళ్లలో పసుపురంగు జిడ్డు పొట్టు చేరేది. చలికాలంలోనూ, పేపర్లు దిద్దే టెన్షన్ రోజుల్లోనూ మరీ ఎక్కువ. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, తల ఎండిపోయింది, నూనె పెట్టు అని.

స్కిన్ డాక్టర్ ముందు తల చూడనే లేదు. కనుబొమలు, ముక్కు పక్క మడతలు, చెవుల వెనక చూశారు. అక్కడా కాస్త ఎర్రగా, జిడ్డు పొట్టుతో ఉంది. తర్వాత మోచేతులు, మోకాళ్లు, గోళ్లు చూపించమన్నారు. సోరియాసిస్ అయితే అక్కడ తెల్లటి దళసరి పొలుసులు, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు కనిపించవచ్చట. ఆపైన జుట్టు పాయలు పాయలుగా విడదీసి, చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోప్ మాడుకి ఆనించి, ఫోన్ తెర మీద నాకూ చూపించారు. కొమ్మల్లా చీలిన సన్నటి రక్తనాళాలు, వాటి మీద పసుపు పొలుసు. సోరియాసిస్‌లో ఎక్కువగా ఎర్రటి చుక్కలు కనిపిస్తాయన్నారు. రక్త పరీక్షలేవీ రాయలేదు.

మూడు ప్రశ్నలు అడిగారు. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా? తలకి రంగు వేస్తున్నారా? మందుల షాపులో ఏదైనా లోషన్ అడిగి తెచ్చి రాశారా? మూడో ప్రశ్న ఎందుకంటే, స్టెరాయిడ్ లోషన్ దురదని చప్పున అణిచేస్తుంది. చీటీ లేకుండా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. తామర ఉన్నచోట రాస్తే దాని రూపే మారిపోయి గుర్తుపట్టడం కష్టమవుతుంది.

నాది సెబోరిక్ డెర్మటైటిస్. చుండ్రుకి ముదిరిన రూపమనుకోవచ్చు. మలసీజియా అనే ఈస్ట్ దాదాపు అందరి తల మీదా ఉంటుంది. చర్మంలో ఊరే జిడ్డే దాని తిండి. ఆ జిడ్డుని అది విరిచినప్పుడు వచ్చే కొవ్వు ఆమ్లాలు కొందరి చర్మానికి పడవు. అప్పుడు మాడు ఎర్రబడి, పొట్టు రేగి, దురద పెడుతుంది. శుభ్రంగా లేకపోవడం వల్ల వచ్చేది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. నూనె పట్టించి రాత్రంతా ఉంచితే మాత్రం ఆ ఈస్ట్‌కి మేత వేసినట్టే. నూనె మానడం మా ఇంట్లో పెద్ద చర్చే అయింది, అయినా మానాను.

పెద్దమ్మ దురద నుదుటి అంచున, చెవుల మీద, మెడ వెనక ఉండేది. రంగు వేసుకున్న ఒకట్రెండు రోజులకి కంటిరెప్పలు కూడా వాచేవి. వీపు మీద అలర్జీ పరీక్ష పట్టీలు అంటించి, 48 గంటల తర్వాత తీసి, మరో రెండు రోజులకి ఇంకోసారి చూసి, హెయిర్ డైలోని పీపీడీ అనే రసాయనం పడట్లేదని తేల్చారు. నల్ల గోరింటాకు పొడుల్లోనూ ఇది కలిసి ఉండవచ్చు, ‘సహజం’ అని రాసి ఉన్నా పెట్టె మీద చదవాల్సిందే. రంగు మానేశాక ఆవిడకి దురద పోయింది.

పిల్లలు గోక్కుంటుంటే ముందు చెవుల వెనక, మెడ దగ్గర పేల కోసం వెతకండి. చుండ్రు పొట్టు దులిపితే రాలుతుంది, ఈపి (పేను గుడ్డు) వెంట్రుకని పట్టుకుని ఉంటుంది, గోటితో లాగితేగానీ రాదు. గుండ్రంగా జుట్టు ఊడి, వెంట్రుకలు మొదట్లోనే విరిగి కనిపిస్తే తామర కావచ్చు. పొట్టు గీకి మైక్రోస్కోప్‌లో చూస్తారు. దానికి షాంపూ ఒక్కటే చాలదు, మాత్రలు వేసుకోవాలి.

ఇక వాడకం. మొదట వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాలు, తర్వాత వారానికో రెండు వారాలకో ఒకసారి వాడమన్నారు. తల తడిపి, పాపిడి తీసుకుంటూ వేళ్ల కొసలతో మాడుకే పట్టిస్తాను, గోళ్లు తగలనివ్వను. నురగ 3 నుంచి 5 నిమిషాలు అలాగే ఉంచుతాను. మందు పనిచేయడానికి ఆ కాస్త సమయం కావాలి కాబట్టి వెంటనే కడిగేస్తే డబ్బు దండగ. నాకు ముందు దురద తగ్గింది, పొట్టు పోవడానికి ఇంకొన్ని వారాలు పట్టింది.

లోపాలూ ఉన్నాయి. జుట్టు గరుకవుతుంది, కొసలకి మాత్రం కండిషనర్ రాస్తాను. రంగు వేసిన జుట్టయితే రంగు మారే అవకాశం ఉంది. అన్నిటికంటే ముఖ్యం, ఇది శాశ్వతంగా నయం చేయదు. పూర్తిగా ఆపిన ప్రతిసారీ నాకు దురద తిరిగొచ్చింది. కీటోకొనజోల్ లివర్‌కి మంచిది కాదని భయపెట్టేవాళ్లున్నారు. ఆ హెచ్చరిక మింగే మాత్రలది. షాంపూ నుంచి ఒంట్లోకి చేరేది చాలా చాలా తక్కువ. గర్భిణులు మాత్రం డాక్టర్‌ని అడిగే వాడాలి.

నాలుగు వారాలు సరిగ్గా వాడినా దురద ఏమాత్రం తగ్గకపోతే ఇంకో సీసా కొనకండి, తల మళ్లీ చూపించుకోండి.