ఎల్కిన్స్ పార్క్‌లో గాజు కొండ

న్యూజెర్సీ వచ్చిన నాన్నకు ఫిలడెల్ఫియా చూపిద్దామని రెండు రోజులు వెళ్లాం. అమెరికా స్వాతంత్ర్యానికి గుర్తుగా చూసే గంట లిబర్టీ బెల్ దగ్గర ఎండలో క్యూ, లోపల రెండు నిమిషాల దర్శనం. "తిరుపతిలోనే నయం, లడ్డూ అయినా ఇస్తారు" అన్నారు.

హోటల్ ఊరి బయట తీసుకున్నాం. రేటు తక్కువే. ఏసీ మాత్రం రాత్రంతా లారీలా మోగింది. చెబితే, రేపు రూమ్ మారుస్తామన్నారు. ఆ రేపే మేం ఖాళీ చేసేది.

రెండో రోజు ఉత్తరాన ఎల్కిన్స్ పార్క్‌కి, బెత్ షోలోమ్ అనే సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం చూడ్డానికి. శనివారం వాళ్ల విశ్రాంతి దినం, ఆ రోజు టూర్ పెట్టుకోకండి. నాన్న ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా రిటైరయ్యారు. తలకు కిప్పా (యూదుల చిన్న టోపీ) పెట్టుకుని లోపలికి రాగానే ఆయన కళ్లు పైకే పోయాయి. వెయ్యిమందికి పైగా పట్టే హాలు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. మూడు ఉక్కు దూలాలు ముక్కాలిపీటలా నిలబడి మొత్తం కప్పును మోస్తున్నాయి. గోడలకు బదులు బయట తీగల వల పొదిగిన గాజు, లోపల ప్లాస్టిక్. మబ్బు పట్టినప్పుడు హాలంతా బూడిదరంగు, ఎండ రాగానే పాలమీగడ రంగు.

అందరూ దీన్ని పేరున్న అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టడమనే చూస్తారు. ఆయన గీసిన ఒకే ఒక్క సినగాగ్ ఇది. నాకు నచ్చింది మాత్రం ఇక్కడి యూదుల సంఘం కథ. 1919లో ఫిలడెల్ఫియాలోని లోగన్ పేటలో మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజులు, అందుకే బెత్ షోలోమ్, అంటే 'శాంతి గృహం' అని పేరు. రెండో యుద్ధం తర్వాత కుటుంబాలు శివార్లకు తరలిపోతుంటే గుడి కూడా వాళ్ల వెంట రావాల్సి వచ్చింది. 1953లో సంఘం రబ్బీ (మతగురువు) మోర్టిమర్ కోహెన్ తనే రైట్‌కి ఉత్తరం రాశాడు, తన ఊహను గీసి మరీ పంపాడు. మోషేకు దేవుడు పది ఆజ్ఞలిచ్చాడనే సీనాయి కొండ వెలుగుతున్నట్టు ఉండాలన్నది ఇద్దరి మాట. ఎవరికీ వాటా ఇవ్వని రైట్, సహ రూపకర్తగా రబ్బీ పేరు వేశాడు. 1959 సెప్టెంబరులో ప్రారంభం. రైట్ ఏప్రిల్‌లోనే పోయాడు.

"ఇన్ని అతుకులుంటే వాన కారదూ?" అన్నారు నాన్న. గైడ్ నవ్వేసింది. తొలి రోజుల నుంచీ కారుతూనే ఉందట!

అదే రోడ్డు మీద కొరియన్ సూపర్‌మార్కెట్లో ఫుడ్ కోర్ట్ ఉంది. శాకాహారులకు పెద్దగా ఏం దొరకలేదు. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర కారులోనే కానిచ్చాం.