గర్న్సీలో కమిటీలు, జెర్సీలో మంత్రులు

ఇంగ్లిష్ చానల్‌లో పక్కపక్కనే ఉన్న ఈ రెండు దీవులూ బ్రిటిష్ రాజరికం కిందివే. బ్రిటన్‌లో భాగం మాత్రం కావు. రెండిటికీ సొంత చట్టసభలున్నాయి.

గర్న్సీలో మంత్రులే లేరు. ప్రజలు ఎన్నుకున్న 38 మంది సభ్యులు (డిప్యూటీలు), పక్కనున్న ఆల్డర్నీ దీవి ప్రతినిధులు ఇద్దరు కలిసి కూర్చునే సభే ప్రభుత్వం. ఆరోగ్యం, విద్య, హోం వంటి శాఖలకు ప్రధాన కమిటీలు, వాటి పైన సమన్వయానికి, డబ్బు లెక్కలకు మరో కమిటీ. ఒక్కో కమిటీలో అధ్యక్షుడితో కలిపి ఐదుగురు సభ్యులు. వాళ్లను ఎన్నుకునేదీ సభే. అధ్యక్షుడిదీ ఒక ఓటే, మిగతా నలుగురూ కాదంటే ఆయన మాట చెల్లదు. కమిటీ తెచ్చిన ప్రతిపాదనను సభ తిప్పికొట్టినా ప్రభుత్వం పడిపోదు. మన అసెంబ్లీల్లో అధికార, ప్రతిపక్షాల అరుపులు చూసి అలవాటైన కళ్లకు ఇది వింతే!

జెర్సీలోనూ ఒకప్పుడు కమిటీలే. నిర్ణయాలు నత్తనడక, బాధ్యత ఎవరిదో తేలదన్న విమర్శలతో 2005 డిసెంబరులో మంత్రుల పద్ధతికి మారారు. సభ ముఖ్యమంత్రిని ఎన్నుకుంటుంది, అవిశ్వాసంతో దించేయనూ గలదు. 2024 జనవరిలో అదే జరిగింది. మిగతా సభ్యులకు మంత్రుల పనిని పరిశీలించే ప్యానెళ్లున్నాయి.

తప్పు జరిగితే ఎవరిని నిలదీయాలో జెర్సీ ఓటరుకు తెలుస్తుంది. నాకు మాత్రం గర్న్సీ పద్ధతే ఆసక్తికరం.