నకిలీ యూదు వ్యతిరేక రాతలు: పక్కపక్కన పెట్టి పోల్చాలా, పుట్టుక వెతకాలా?

పోలిక: అసలు పుస్తకం చేతికొస్తే ఖర్చు తక్కువ, సాక్ష్యం గట్టిది. ప్రపంచాన్ని ఏలేందుకు యూదులు పన్నిన కుట్ర పత్రాలంటూ 1903లో రష్యాలో అచ్చైన 'ప్రోటోకాల్స్' అనే నకిలీ రాత గుట్టును 1921లో లండన్ 'టైమ్స్' విలేకరి ఫిలిప్ గ్రేవ్స్ ఇలాగే బయటపెట్టాడు. ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌ను ఎండగడుతూ మారిస్ జోలీ 1864లో రాసిన వ్యంగ్య సంభాషణ నుంచి పేరాలకు పేరాలే ఎత్తేశారు. జోలీ పుస్తకంలో యూదుల కుట్ర ఊసే లేదు! కానీ ఆ పుస్తకాన్ని గ్రేవ్స్‌కు ఇచ్చింది ఒక రష్యన్ వలసదారు. అంటే అదృష్టమూ కలిసిరావాలి. పైగా కాపీ రుజువవుతుంది గానీ, కొట్టినవాడెవడో తేలదు.

పుట్టుక: శ్రమ, ఓపిక ఎక్కువ. 1787 అమెరికా రాజ్యాంగ సభలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ యూదులను దేశంలోకి రానివ్వొద్దన్నాడని, అదే సభలో సభ్యుడైన చార్లెస్ పింక్నీ డైరీలో ఉందని ప్రచారం. చరిత్రకారుడు చార్లెస్ బియర్డ్ గాలించినా ఆధారం దొరకలేదు. ఆ మాటలు తొలిసారి కనిపించింది 1934లో, అమెరికన్ ఫాసిస్టు విలియం డడ్లీ పెల్లీ పత్రికలో.
రిస్క్: నమ్మేవాళ్లు "డైరీని దాచేశారు" అంటారు.

పొడవైన రాతైతే పోలికే మేలు. పెద్దమనిషి పేరు తగిలించిన చిన్న కొటేషన్‌కు పుట్టుక వెతకాల్సిందే. నాలుగు వాక్యాల్లో పోల్చడానికి ఏముంటుంది? కోర్టుదాకా వెళ్లే వ్యవహారమైతే రెండూ కావాలి.