తొమ్మిది దేశాలు, పదమూడు రాత్రులు: అమ్మతో మా మొదటి యూరప్ బస్సు టూర్

మొన్న మే చివరి వారంలో బయలుదేరి జూన్ రెండో వారంలో ఇంటికొచ్చాం. నేను, మా ఆవిడ, మా అమ్మ. అమ్మకి డెబ్బై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులున్నాయి, షుగర్ ఉంది, కోడిగుడ్డు కూడా ముట్టదు. ఆవిడని యూరప్ తీసుకెళ్తున్నానంటే రాజమండ్రిలో మా వీధిలో సగం మంది వద్దన్నారు. తిరిగొచ్చాక వాళ్ళే అడుగుతున్నారు, టూర్ కంపెనీతో వెళ్ళడం మంచిదా, సొంతంగా వెళ్ళడం మంచిదా అని. పెద్దవాళ్ళు వెంట ఉంటే మొదటిసారికి కంపెనీ కోచ్ (బస్సు) టూరే మంచిదని గట్టిగా చెబుతాను. కాకపోతే డబ్బు కట్టకముందే కొన్ని అడగాలి. మేం అడగలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు వీసా సంగతి. షెంగెన్ వీసా ఒక్కటి తీసుకుంటే ఈ దేశాలన్నిటికీ చెల్లుతుంది. ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి దరఖాస్తు చేయాలి. రాత్రులు సమానమైతే మొదట దిగే దేశానికి. మాకు ఫ్రాన్స్‌లో మూడు, స్విట్జర్లాండ్‌లో మూడు, ఇటలీలో మూడు కాబట్టి ఫ్రాన్స్‌కి పెట్టాం. ఫీజు 90 యూరోలు, పైన సర్వీసు చార్జీలు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. వేలిముద్రలకి హైదరాబాద్ వెళ్ళొచ్చాం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. మా కంపెనీ నెలన్నర ముందు పెట్టింది, దాంతో పాస్‌పోర్టులు బయలుదేరే ముందు నాలుగు రోజులకి గానీ చేతికి రాలేదు. ఆ పది రోజుల టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు. "నా ఫైలు ఎప్పుడు పెడతారు" అని బుకింగ్ రోజే తేదీతో సహా అడగండి.

మనిషికి మూడు లక్షల పైచిలుకు అయింది. జీఎస్టీ, టీసీఎస్ దాని మీద అదనం. టీసీఎస్ అంటే డబ్బు కట్టేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను, తర్వాత ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది, రసీదు దాచుకోండి. విమానం టికెట్లలో అమ్మకి వీల్‌చైర్ రాయించాం. దానికి పైసా తీసుకోరు, ఎయిర్‌పోర్టుల్లో మైళ్ళ నడక తప్పుతుంది.

పారిస్‌లో దిగిన దగ్గర్నుంచి రోమ్‌లో విమానం ఎక్కేదాకా ఒకటే బస్సు, ఒకడే డ్రైవరు. పోలండ్ మనిషి. మాటలు తక్కువ. మొదటి రోజు అమ్మ మెట్టు ఎక్కలేక కమ్మీ పట్టుకుని నిలబడితే, ఆయన సీట్లోంచి చూసి ఏదో బటన్ నొక్కాడు. బుస్సుమని గాలి వదిలి, బస్సు తలుపు వైపుకి మెల్లగా వంగింది. మెట్టు జానెడు కిందికొచ్చింది. "ఏరా, ఏనుగు కూర్చున్నట్టు కూర్చుందిరా" అంది అమ్మ, గట్టిగానే. ఆ మర్నాటి నుంచి ఎవరూ చెప్పకుండానే, అమ్మ తలుపు దగ్గరికి రాగానే బస్సు వంగేది. ఈ సదుపాయం చాలా కోచ్‌లలో ఉంటుందట, అడగాలని మనకి తెలియదు.

ఆ డ్రైవరు పని గంటల గురించి తెలుసుకుంటే టూర్ సగం అర్థమైనట్టే. అక్కడ చట్టం ప్రకారం నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాలి. రోజుకి మామూలుగా 9 గంటలకి మించి స్టీరింగ్ పట్టుకోకూడదు. రాత్రి మామూలుగా 11 గంటల విశ్రాంతి ఇవ్వాలి. బస్సులో టాకోగ్రాఫ్ అనే యంత్రం ప్రతి నిమిషమూ రాసిపెడుతుంది. ఉదయం ఎనిమిదిన్నరకి బస్సు తీస్తే మామూలుగా రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఆయన రోజు ముగియాలి. మన వాళ్ళు షాపింగ్‌లో అరగంట ఆలస్యం చేస్తే ఆ అరగంట సాయంత్రం చూడాల్సిన దాంట్లోంచి పోతుంది.

మాకు పారిస్‌లో జరిగింది అదే. బ్రోషర్‌లో "పారిస్ నైట్ ఇల్యూమినేషన్ టూర్" అని పెద్ద అక్షరాలతో ఉంది. మే నెలాఖరులో అక్కడ సూర్యుడు అస్తమించేదే తొమ్మిదిన్నర దాటాక. మమ్మల్ని ఎనిమిదింటికి తిప్పారు, ఎండ వెలుగులో. ఒక్క దీపం వెలగలేదు. పొద్దున్న ఎనిమిదిన్నరకి తీసిన బస్సుతో, నగరానికి ముప్పై కిలోమీటర్ల అవతల ఉన్న హోటల్‌తో, వేసవిలో ఆ టూర్ జరగడం దాదాపు అసాధ్యం. ఆ ప్లాను రాసినవాళ్ళకి అది తెలియకుండా ఉండదు. దీని గురించి నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది, ఎందుకంటే అమ్మ ఇంట్లో టీవీలో చూసి అడిగింది ఆ ఒక్కటే.

మర్నాడు నాగపూర్ నుంచి వచ్చిన ఇంకో కుటుంబంతో కలిసి, హోటల్ రిసెప్షన్‌లో చెప్పి ఒక వ్యాన్ మాట్లాడుకున్నాం. రానూ పోనూ 160 యూరోలు, రెండు కుటుంబాలకీ సగం సగం. ఈఫిల్ టవర్ ఎదురుగా ట్రొకాడెరో అరుగు మీద చలిగాలిలో కూర్చున్నాం. చీకటి పడ్డాక ప్రతి గంటా మొదలవగానే ఐదు నిమిషాలు టవర్ మీద 20,000 బల్బులు మిలమిలమంటాయి. పదకొండు కొట్టగానే అవి అంటుకున్నాయి. అమ్మ శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళార్పకుండా ఐదు నిమిషాలూ చూసింది. టవర్ ఎక్కడానికి రెండో అంతస్తు చాలు, 116 మీటర్ల ఎత్తు నుంచి ఊరు విడివిడిగా కనిపిస్తుంది. కొసకి వెళ్ళే లిఫ్ట్ క్యూలో మా గ్రూపువాళ్ళు గంట పైనే నిలబడ్డారు. సెయిన్ నదిలో పడవ షికారు మాత్రం బాగా చేయించారు. కూర్చున్న చోటే నోత్రదామ్ చర్చి, లూవ్ర్ మ్యూజియం గోడలు అన్నీ వచ్చిపోతాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి పారిస్‌లో అంతకన్నా మంచి గంట లేదు.

బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో గ్రాన్ ప్లాస్ చౌరస్తా చాలా అందంగా ఉంది, గంటలో తేల్చేశారు. అక్కడి మానెకెన్ పిస్ (ఉచ్చపోసే పిల్లాడి) బొమ్మ రెండడుగులు కూడా ఉండదని ముందే తెలిస్తే నిరాశ ఉండదు. నెదర్లాండ్స్‌లో ట్యూలిప్ తోటల మీద ఆశ పెట్టుకునేవాళ్ళు ఏప్రిల్‌లో వెళ్ళాలి. అక్కడి క్యూకెన్‌హాఫ్ తోట మార్చి మూడో వారం నుంచి మే మధ్య దాకానే తెరిచి ఉంటుంది. మాకు దాని బదులు జాన్సే స్కాన్స్‌లో గాలిమరలు చూపించారు. జర్మనీలో కొలోన్ చర్చి 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తి చేశారట. దాని ముందు మాకిచ్చింది ఇరవై నిమిషాలు.

స్విట్జర్లాండ్‌లో షాఫ్‌హౌసెన్ దగ్గర రైన్ జలపాతానికి మాత్రం ఎప్పుడైనా వెళ్ళండి. ఎత్తు 23 మీటర్లే, కానీ వెడల్పు 150 మీటర్లు. వేసవి మొదట్లో మంచు కరిగి నీళ్ళు పొంగుతూ ఉంటాయి. అమ్మ గోదావరి గట్టున పుట్టి పెరిగింది. ఒడ్డున వంగి, నీళ్ళు చేత్తో తీసుకుని, పుష్కరాల రేవులో చేసినట్టే మూడుసార్లు నెత్తిన చల్లుకుంది.

తిండి గురించి చెప్పాలి, మన వాళ్ళకి అదే పెద్ద బెంగ. పొద్దున హోటల్లో బ్రెడ్డు, చీజు, పాలు, పళ్ళరసం. రాత్రి ఇండియన్ రెస్టారెంట్. ఏ ఊళ్ళో అయినా అదే పనీరు, అదే చోలే, అదే పసుప్పచ్చ పప్పు. శుభ్రంగా, వేడిగా పెట్టారు, అందులో లోపం లేదు. ఐదో రోజుకి నాలుక చచ్చిపోతుంది, అంతే. మేం కందిపొడి, కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి, చింతకాయ పచ్చడి గట్టిగా ప్యాక్ చేయించి పెట్టెలో వేసుకున్నాం. నెయ్యి, పాలకోవా, పూతరేకుల్లాంటివి పెట్టకండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం పదార్థాలు తీసుకురావడం అక్కడ నిషేధం, కస్టమ్స్‌లో పారేస్తారు. నెయ్యి బదులు అక్కడి వెన్నతోనే కందిపొడి కలిపితే అమ్మ తృప్తిగా తింది. గదిలో వంట చేయనివ్వరు. పొగ తగిలితే అలారం మోగుతుంది, జరిమానా వేస్తారు. మా గ్రూపులో ఒకాయన తెచ్చిన చిన్న రైస్ కుక్కర్ పెట్టె దాటి బయటికి రాలేదు. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు. పెరుగు, పళ్ళు శనివారమే కొనుక్కోండి.

టాయిలెట్‌కి హైవేలో మనిషికి అర యూరో నుంచి ఒక యూరో. షుగర్ ఉన్నవాళ్ళు చిల్లర నాణేలు వేరే సంచీలో పెట్టుకోవాలి. గదుల్లో మన జెట్ స్ప్రే ఉండదు, ప్లాస్టిక్ మగ్గు తీసుకెళ్ళండి. ఇటలీ హోటళ్ళలో బిడే (కడుక్కోడానికి వేరే చిన్న తొట్టి) ఉంటుంది, అక్కడ ఇబ్బంది లేదు. ముగ్గురి గది అంటే మూడో మంచం చాలాచోట్ల మడత సోఫానే. అమ్మకి అన్నిటికన్నా కష్టమైంది స్నానాల తొట్టి. మోకాలి ఎత్తు గట్టు దాటి లోపలికి దిగాలి, పట్టుకోడానికి ఏమీ ఉండదు. మూడు హోటళ్ళలో మా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని దింపింది. "తొట్టి వద్దు, కింద షవర్ ఉన్న గది కావాలి" అని బుకింగ్‌లోనే రాయించండి.

స్విట్జర్లాండ్‌లో ఎంగెల్‌బర్గ్ ఊళ్ళో మూడు రాత్రులు. మొత్తం టూర్‌లో మంచి బస ఇదే. ఏసీ లేదు, ఫ్యాన్ లేదు, కిటికీ తీస్తే చాలు. టిట్లిస్ కొండ ఎక్కే కేబుల్ కారు స్టేషన్ నడిచేంత దూరం. చివరి మజిలీలో కేబుల్ కారు తన చుట్టూ తాను తిరుగుతూ 3,020 మీటర్లకి తీసుకెళ్తుంది. నిలబడ్డ చోటి నుంచే నాలుగు దిక్కులూ కనిపిస్తాయి. పైన గాలి పలచన, పెద్దవాళ్ళు నిదానంగా అడుగేయాలి. అమ్మ పావుగంట మంచులో నిలబడి, లోపలికొచ్చి అద్దం పక్కన కూర్చుని ఫ్లాస్కులో వేడినీళ్ళు తాగింది. మర్నాడు యుంగ్‌ఫ్రావ్ అదనపు టికెట్, రెండు వందల స్విస్ ఫ్రాంకులు దాటింది. నేనొక్కణ్ణే వెళ్ళాను. కొండ కడుపులోంచి సొరంగంలో 3,454 మీటర్లకి రైలెక్కడం గొప్పగానే ఉంది. 1912లో ఆ లైను తెరిచారు. కానీ రెండూ మంచు కొండలే, పెద్దవాళ్ళకి టిట్లిస్ ఒక్కటి చాలు. ఆ రోజు అత్తాకోడళ్ళిద్దరూ ఊళ్ళోనే ఉండి, 1120లో స్థాపించిన మఠం, అందులో చీజు తయారీ చూసి, బెంచీ మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. నాకన్నా వాళ్ళ రోజే బాగా గడిచింది.

లూసెర్న్‌లో సింహం బొమ్మ ఉంది. రాతి గుట్టలో తొలిచారు. విరిగిన ఈటె ఒంట్లో దిగి, తల వాల్చి పడుకుని ఉంటుంది. 1792లో పారిస్‌లో రాజు కోటకి కాపలా కాస్తూ చనిపోయిన స్విస్ సైనికుల కోసం చెక్కినది. ఆ కోట ఉన్న చోటు, త్యూలరీ తోటలు, వారం కింద మేం బస్సు కిటికీలోంచి చూసిన చోటే. టూర్ మేనేజర్ ఆ మాట చెప్పలేదు, ఫోన్‌లో చదివి నేనే అమ్మకి చెప్పాను. "ఊరు కాని ఊళ్ళో పోయారన్నమాట" అని ఆ సింహం ముందు నుంచి కదలలేదు. అక్కడ పదిహేను నిమిషాలిచ్చి, పక్కనే వాచీల షాపులకి రెండు గంటలిచ్చారు.

లిక్టెన్‌స్టైన్‌లో వాడుజ్, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ దారిలో వచ్చిపోయాయి. ఇటలీలో నడక మొదలైంది. అక్కడి పాత ఊళ్ళ నడిబొడ్డుకి కోచ్‌లని రానివ్వరు. వెనిస్‌లో ట్రోంకెట్టో పార్కింగ్ దగ్గర బస్సు దిగి పడవెక్కాలి. పడవ దిగాక సెయింట్ మార్క్ చౌరస్తాకి వంతెనల మెట్లెక్కి దిగాలి. గొండోలా అనే సన్నటి పడవకి పగలు అధికారిక ధర అరగంటకి పడవ మొత్తానికి 90 యూరోలు, ఐదుగురు కూర్చోవచ్చు. మా దగ్గర మనిషికి ముప్పై చొప్పున తీసుకుని ఐదుగురిని ఎక్కించారు. లెక్క మీరే వేసుకోండి. పీసాలో బస్సు ఆగే చోటు నుంచి టవర్‌కి చిన్న టైరు బండి ఉంటుంది, పెద్దవాళ్ళని అందులో ఎక్కించండి. ఫ్లోరెన్స్ ఊరిని కొండ మీద నుంచి మాత్రమే చూపించారు. బ్రోషర్ తీసి చూస్తే "వ్యూ" అనే ఉంది. "విజిట్" అంటే లోపలికి, "వ్యూ" అంటే దూరం నుంచి, "ఫోటో స్టాప్" అంటే పది నిమిషాలు. రోమ్‌లో కొలోసియం కూడా "వ్యూ"నే. డబ్బు కట్టే ముందు ఒక్కో పేరు పక్కన టికెట్ ఉందా లేదా అని పెన్నుతో రాయించుకోండి, హోటల్ నుంచి నగరానికి ఎన్ని కిలోమీటర్లో, బస్సు దిగాక ఎంత నడవాలో కూడా.

వాటికన్‌లో భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, చీరకట్టుకి ఏ ఇబ్బందీ లేదు. ఎండలో గంట క్యూ. మేం తీసుకెళ్ళిన మడత స్టూలు ఆ గంటలో దాని ఖరీదంతా రాబట్టింది.

చివరి రోజు రోమ్ ఎయిర్‌పోర్టు దగ్గర సామాన్లు దించాక, అమ్మ సంచీలోంచి మిగిలిన పల్లీ ఉండల పొట్లం తీసి డ్రైవరుకిచ్చింది. "ఇవి మీ పిల్లలకి బాబూ" అని తెలుగులోనే చెప్పింది. ఆయన ఒకటి నోట్లో వేసుకుని, రెండో చేత్తో గుండె మీద తట్టుకున్నాడు. తర్వాత బస్సెక్కి తలుపు వేసుకునే ముందు ఆ బటన్ నొక్కాడు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఎవరూ లేరు. బస్సు బుస్సుమని అమ్మ వైపు వంగి, లేచి, వెళ్ళిపోయింది.